తెల్లబెల్టు మొదటి ఏడాది: పెద్దయ్యాక కరాటేలో చేరి మానకుండా నిలబడటానికి మార్గదర్శి

మా అబ్బాయిని కరాటే క్లాసులో దింపి, ఏడాదిపాటు గ్రౌండు పక్కన అరుగు మీద మిగతా అమ్మలతో కూర్చున్నాను. 37వ ఏట ఆ అరుగు దిగి వరసలో చివర నిలబడ్డాను. ఆ తర్వాత రెండుసార్లు మానేశాను. మొదటిసారి నెలన్నర, రెండోసారి ఐదు నెలలు. ఇప్పుడు నాది నల్లబెల్టుకి ముందు మెట్టయిన బ్రౌన్ బెల్టు. ఉదయం బ్యాచిలో కొత్తగా చేరే పెద్దవాళ్ళకి అడుగులు చూపించే పని మాస్టారు నాకు అప్పజెప్పారు.

జనవరి మొదటి వారంలో, మళ్ళీ జూన్‌లో బళ్ళు తెరిచాక కొత్తవాళ్ళు గుంపుగా వస్తారు. వాళ్ళలో చాలామంది శివరాత్రికో, వినాయక చవితికో కనపడకుండా పోతారు. ఆరంభశూరత్వం అనేసి ఊరుకుంటారు జనం. నాకా మాట నచ్చదు. మానేసినవాళ్ళని దగ్గర నుంచి చూశాను. వాళ్ళలో ఏ ఒక్కరూ "రేపట్నించి రాను" అని నిర్ణయించుకుని మానలేదు. ఇంట్లో పెళ్ళి పడి నాలుగు రోజులు రాలేదు. వెంటనే జ్వరం. పది రోజులయ్యాక రావాలంటే మొహమాటం. మాస్టారు ఏమంటారో, తోటివాళ్ళు ఎంత ముందుకెళ్ళిపోయారో అన్న బెరుకు. ఆ బెరుకుతో ఇంకో వారం గడుస్తుంది, ఆ వారం బెరుకుని ఇంకాస్త పెంచుతుంది. నేనూ రెండుసార్లు అలాగే పోయాను. అందుకని ఈ మార్గదర్శిలో తప్పకుండా వెళ్ళడం గురించి కొంత, తప్పాక తిరిగి వెళ్ళడం గురించి అంతకన్నా ఎక్కువ చెబుతాను.

నేను నేర్చుకుంటున్నది కరాటేలో షోటోకాన్ అనే శాఖ కాబట్టి ఉదాహరణలన్నీ అందులోవే. మీరు జూడోలోనో, టైక్వాండోలోనో, కర్రసాములోనో చేరినా చాలా సంగతులు మీకూ పనికొస్తాయి.

మొదటి మెట్టు: చేరేముందు రెండు క్లాసులు కూర్చుని చూడండి

క్లాసు ఎంచుకునేటప్పుడు అందరి కళ్ళూ మాస్టారి బెల్టు మీదికి, బీరువాలో ఉన్న కప్పుల మీదికి పోతాయి. మీరు ముందు దూరం చూడండి. ఊరికి ఆ చివర పేరున్న క్లాసు, ఇంటికి పది నిమిషాల్లో ఓ మామూలు క్లాసు ఉంటే దగ్గరిదే చేరండి. శ్రావణంలో ముసురు పట్టిన రోజు, తెల్లవారుజామున ఐదింటికి లేచినప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

ఫీజు కట్టకముందు రెండు క్లాసులు చూస్తానని అడగండి. వద్దన్న చోట చేరకండి. కూర్చుని చూసేటప్పుడు విన్యాసాలు చూడొద్దు. వార్మప్ ఎంతసేపు చేయిస్తున్నారు, కొత్తవాళ్ళ దగ్గర ఎవరు నిలబడుతున్నారు, తప్పు చేసినవాణ్ణి ఎలా దిద్దుతున్నారు, నీళ్ళు తాగడానికి ఆపుతున్నారా లేదా, అవి చూడండి. ముప్ఫై దాటినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారేమో గమనించండి. ఆడవాళ్ళయితే బట్టలు మార్చుకునే గది ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. నేల ఏమిటో చూసుకోండి. మ్యాట్ ఉంటే మంచిదే, మట్టి నేల పాదాలకి ఫర్వాలేదు, సిమెంటు నేలయితే మొదటి నెల కాస్త కష్టం. మాది సిమెంటే.

డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. నెల ఫీజు ఎంత, బెల్టు టెస్టుకి విడిగా ఎంత, ఏడాదికి ఎన్ని టెస్టులు, డ్రెస్సు వాళ్ళ దగ్గరే కొనాలా, సర్టిఫికెట్ ఏ సంఘం పేరు మీద ఇస్తారు. వీటికి సూటిగా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర తర్వాత గొడవలుండవు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా కట్టకండి. డబ్బు కట్టేశాం కదా, ఇక మానం అనుకుని నేను ఆరు నెలలది కట్టాను. నెలన్నర వెళ్ళకపోయేసరికి ఆ పోయిన డబ్బే తలుచుకుని ఇంకా సిగ్గేసింది. నెలనెలా కట్టుకుంటే తిరిగి వెళ్ళిన రోజున పాత బాకీ ఏదీ మీద ఉండదు.

డ్రెస్సు మొదటి నెల కొనొద్దు. ట్రాక్ ప్యాంటు, పొడుగు టీషర్టు చాలు. బీపీ, షుగరు, గుండె జబ్బు, పాత మోకాలి దెబ్బ లాంటివి ఉంటే డాక్టరుని అడిగి చేరండి. ఆ సంగతి మాస్టారికి మొదటి రోజే చెప్పండి.

రెండో మెట్టు: వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి

కొత్తలో ఉత్సాహం వారానికి ఆరు రోజులు రమ్మంటుంది. రావొద్దు. క్లాసు వారమంతా ఉన్నా మీకంటూ రెండు రోజులు పెట్టుకోండి. మంగళ, శుక్రవారాలో, బుధ, శనివారాలో, మీ ఇంటి వీలు చూసుకుని. మధ్యలో ఒళ్ళు తేరుకోవడానికి కనీసం ఒక రోజు ఉండాలి. మూడు నెలలు ఆ రెండు రోజులూ నిలిస్తే మూడోది కలపండి. ఆరు రోజులు పెట్టుకుని నాలుగు వెళ్ళినవాడికి రెండు తప్పాననే బాధ మిగులుతుంది. రెండు పెట్టుకుని రెండూ వెళ్ళినవాడికి ఏ బాధా ఉండదు. చేసింది మొదటివాడే ఎక్కువైనా ముందు మానేసేదీ అతనే. ఇది నా కళ్ళముందు చాలాసార్లు జరిగింది.

ఇంట్లోవాళ్ళకి ఆ రెండు రోజులూ ముందుగా చెప్పి ఒప్పించుకోండి. ఇది మగవాళ్ళకి చిన్న పనే కావచ్చు. ఇల్లాలికి కాదు. టిఫిను, క్యారేజీలు, పిల్లల స్కూలు ఆటో, పాలవాడు, అన్నీ ఆ గంటన్నరలోనే పడతాయి. నేను క్లాసు రోజుల్లో ముందురోజు రాత్రే ఇడ్లీ పిండి సిద్ధం చేసి, కూరగాయలు తరిగి పెట్టుకునేదాన్ని. మా అత్తగారు మొదట్లో, ఈ వయసులో ఎవరిని కొట్టడానికమ్మా అన్నారు. రెండు నెలలయ్యాక మంగళ, శుక్రవారాలు పొయ్యి వెలిగించడం ఆవిడే అందుకున్నారు. అడగకుండా ఎవరూ అందుకోరు. అడగండి.

రాత్రి పడుకునేముందు సంచి సర్దేయండి: డ్రెస్సు, బెల్టు, తువ్వాలు, నీళ్ళ సీసా, బ్యాండెయిడ్లు. దాన్ని గుమ్మం పక్కన, చెప్పుల మీద పెట్టండి. పొద్దున్నే వెళ్ళాలా వద్దా అని ఆలోచించే చోటే ఓడిపోతాం. సంచి ఎక్కడుందని వెతికే పని కూడా లేకపోతే ఆలోచన మొదలయ్యేసరికి వీధిలో ఉంటారు.

పరగడుపున కళ్ళు తిరిగేవాళ్ళు అరగంట ముందు ఓ అరటిపండు తినండి. క్లాసయ్యాక రాగిజావ, గుడ్లు, పెసరట్టు, ఏదైనా కడుపు నిండా. ఎండాకాలంలో మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి. ప్రత్యేకంగా పొడులేవీ కొనక్కర్లేదు.

మూడో మెట్టు: మొదటి నెల ఒంటి సంగతి

మొదటి క్లాసు రోజున ఏమీ అనిపించదు. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తాయి. అలవాటు లేని కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. దీన్ని చూసి భయపడి మానేసినవాళ్ళున్నారు, పాపం. నెమ్మదిగా నడవండి, గోరువెచ్చని నీళ్ళు పోసుకోండి, తర్వాతి క్లాసుకి వెళ్ళండి. రెండు మూడు వారాలకి నొప్పి చాలావరకు సర్దుకుంటుంది.

వేరే రకం నొప్పి ఉంది. కీలులో సూదితో పొడిచినట్టు ఒకే చోట వచ్చేది, వాపు తెచ్చేది, కాలు మోపనివ్వనిది, రాత్రి నిద్ర లేపేది. దాన్ని ఓర్చుకోకూడదు. ఆపి డాక్టరుకి చూపించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం ఉంటే క్లాసు మధ్యలోనైనా ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దవాళ్ళ మోకాళ్ళు పాడయ్యేది ఎక్కువగా జెంకుత్సు దాచిలోనే. ఒక కాలు ముందుకి పొడవుగా వేసి, ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే భంగిమ అది. ముందు మోకాలు పాదం వేళ్ళు చూసే వైపే చూడాలి. లోపలికి వాలితే బరువంతా మోకాలి పక్కన ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. పక్కనున్న పన్నెండేళ్ళ పిల్ల ఎంత కిందికి వంగిందో చూసి మీరూ అంత వంగాలనుకోవద్దు. అడుగు పొడవు తగ్గించి, మీకు నిలకడ కుదిరిన ఎత్తులో నిలబడండి. ఏడాదిలో దానంతటదే దిగుతుంది. ఇంకొకటి: తిరిగేటప్పుడు పాదం నేలకి అతుక్కుని ఉండగా మోకాలిని మెలితిప్పకండి. బరువు తేల్చి, పాదంతో సహా తిరగాలి. సిమెంటు నేల మీద దీన్ని పట్టించుకోకపోతే మోకాలికి మోకాలూ, అరికాలి చర్మానికి చర్మమూ పోతాయి.

పాదాలకి పొక్కులొస్తే పై తోలు పీకేయకండి. సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, పైన టేపు వేసి చేయండి. కాలిగోళ్ళు, చేతిగోళ్ళు ఎప్పుడూ కత్తిరించి ఉండాలి. మీకోసం కన్నా ఎదుటివాళ్ళ కోసం.

ఆడవాళ్ళకి మాత్రమే ఎదురయ్యేవి, ఎవరూ ముందు చెప్పనివి కొన్ని ఉన్నాయి. గాజులు, చెవిదిద్దులు ఇంటి దగ్గరే తీసి రండి. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే వేలికీ పక్క వేలికీ కలిపి టేపు చుట్టండి. ఒంటరిగా చేసే కసరత్తుకి అది చాలు. ఇద్దరు కలిసి చేసే కుమితే మొదలయ్యాక మాత్రం తీసేయాల్సిందే, వేలు వాచిందంటే మెట్టె కోయించాల్సి వస్తుంది. మంగళసూత్రం, నల్లపూసల సంగతి ఎవరి పట్టింపు వాళ్ళది. కుమితేలో మెళ్ళో గొలుసు ఉండటం మాత్రం ప్రమాదం. నేను చిన్న గుడ్డసంచిలో వేసి బ్యాగులో పెట్టుకుంటాను. నెలసరి రోజుల్లో ఒళ్ళు సహకరిస్తే వెళ్ళండి. తెల్ల ప్యాంటు లోపల నల్ల టైట్స్ వేసుకుంటే బెంగ ఉండదు. "ఈరోజు నెమ్మదిగా చేస్తాను సార్" అంటే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు. నెలకి మూడు నాలుగు రోజులు ఇందుకోసం ఆగిపోతూ ఉంటే ఆ ఆగడమే అలవాటవుతుంది.

నాలుగో మెట్టు: ఏమీ రావట్లేదనిపించే రెండో నెల, మూడో నెల

మొదటి నెల అంతా కొత్తే. రెండో నెల నుంచి చేసిందే చేయిస్తారు. అదే అడుగు, అదే పిడిగుద్దు, కిందికొచ్చే దెబ్బని చేత్తో ఆపే అదే కింది అడ్డు. వందసార్లు చేసినా మాస్టారు భుజం తట్టి, "మళ్ళీ" అంటారు. ఇక్కడ విసుగొస్తుంది.

షోటోకాన్‌కి మూలపురుషుడు గిచిన్ ఫునకోషి. 1868లో ఒకినావాలో పుట్టారు, బడిపంతులు, చిన్నప్పుడు రోగిష్టి పిల్లవాడు. పగలు బళ్ళో పాఠాలు చెప్పి, రాత్రి లాంతరు పట్టుకుని తన గురువు అజాటో ఇంటికి నడిచి వెళ్ళేవారు. కాటా అంటే దెబ్బలు, అడ్డులు ఒక వరసలో పేర్చి ఒంటరిగా చేసే కదలికల కూర్పు. పెరట్లో ఒకే కాటా రాత్రుల తరబడి, నెలల తరబడి చేయించేవారట గురువు. మళ్ళీ, ఇంకొంచెం అనే మాటలే తప్ప, బాగుంది అన్న మాట ఎప్పుడో గానీ వచ్చేది కాదు. తెక్కి వరసలోని మూడు కాటాలకే తనకి పదేళ్ళు పట్టిందని ఫునకోషి చెప్పుకున్నారు. ఆయన 1922లో టోక్యో వెళ్ళి కరాటే ప్రదర్శించడంతో ఒకినావా దీవుల విద్య జపాన్ అంతటా, తర్వాత లోకమంతటా పాకింది. అంతటి మనిషికే పదేళ్ళు పట్టింది కదా అని నా రెండో విరామం తర్వాత అనుకున్నాను. అప్పట్నించి "నాకెప్పుడొస్తుంది" అనే ప్రశ్న తగ్గింది.

విసుగుకి నాకు తెలిసిన మందు, పనిని ముక్కలు చేసుకోవడం. మీరు మొదట నేర్చే కాటాల్లో హేయాన్ షోదాన్ ఒకటి. అందులో 21 కదలికలు. దాన్ని మొత్తంగా గుర్తుపెట్టుకోవాలని తలపట్టుకోకుండా ఇలా విడగొట్టండి. 1 నుంచి 5 వరకు ఎడమకీ కుడికీ, మధ్యలో సుత్తిలా దించే పిడికిలి దెబ్బ. 6 నుంచి 9 వరకు కింది అడ్డు, మూడు పై అడ్డులు, చివరిదానికి కియాయ్, అంటే కడుపులోంచి వచ్చే అరుపు. 10 నుంచి 13 వరకు మళ్ళీ పక్కలకి, ఈసారి సుత్తి దెబ్బ ఉండదు. 14 నుంచి 17 వరకు కింది అడ్డు, మూడు గుద్దులు, రెండో కియాయ్. 18 నుంచి 21 వరకు బరువు వెనక కాలి మీద ఉంచి, అరచేతి అంచుతో నాలుగు అడ్డులు. వారానికి ఒక ముక్క. ఐదు వారాల్లో కాటా మొత్తం మీ ఒంట్లో ఉంటుంది. నేను ఒకేసారి పట్టాలని చూసి మూడు నెలలు తడబడ్డాను.

ఇంటి దగ్గర రోజుకి పది నిమిషాలు చాలు. సోఫాకీ టీవీకీ మధ్య ఉన్న చోటులో ఆ వారం ముక్క ఐదుసార్లు నెమ్మదిగా చేయండి. ఆదివారం మేడ మీదికెళ్ళి మొత్తం చేయండి. చిన్న నోటు పుస్తకం పెట్టుకుని క్లాసు అయిన రోజు తేదీ వేసి ఒకే ఒక్క వాక్యం రాయండి: "తిరిగేటప్పుడు వెనక మడమ లేస్తోంది" లాంటిది. మాస్టారు ఆరోజు మీకు చెప్పిన దిద్దుబాటు అదే. తర్వాతి క్లాసులో దాని మీదే కన్నేసి ఉంచండి, మిగతా తప్పులు ఉండనివ్వండి. నా పాత పుస్తకంలో మొదటి పేజీల నిండా వెనక మడమే ఉంది. నాలుగో నెల నుంచి ఆ మాట లేదు. ఎదుగుతున్నట్టు ఏ రోజూ తెలియలేదు గానీ ఆ పేజీల్లో కనపడింది.

వీడియోలు చూడటం తప్పు కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాటాలో స్వర్ణం గెలిచిన ఒకినావా వాడు రియో కియునాని చూడండి, ఒక కదలికకీ ఇంకోదానికీ మధ్య ఎలా ఆగుతున్నాడో గమనించండి. నాలుగు రకాల గురువుల పాఠాలు పెట్టుకుని నేర్చుకోవద్దు. ఒకే కాటాని ఒక్కో శాఖ ఒక్కోలా చేస్తుంది, తెల్లబెల్టుకి అవన్నీ కలగాపులగం అవుతాయి.

ఐదో మెట్టు: తప్పిపోయాక తిరిగి వెళ్ళడం

మీరు తప్పుతారు. సంక్రాంతికి ఊరెళ్తారు, పిల్లలకి టెన్త్ పరీక్షలు వస్తాయి, ఇంట్లో పెద్దవాళ్ళు పోయి మైల వస్తుంది, మార్చి నెలలో ఆఫీసు ఇంటికి పంపదు, వైరల్ జ్వరం వారం పడుకోబెడుతుంది. ఏడాదిలో ఇవేవీ రాని ఇల్లు లేదు. కాబట్టి తప్పే రోజుకి ముందే ఏర్పాటు ఉండాలి.

వెళ్ళలేనని తెలిసిన రోజే మాస్టారికి ఒక మెసేజి పెట్టండి. రెండే సంగతులు: ఎందుకు రాలేదు, ఏ రోజు వస్తారు. "సార్, ఇంట్లో పెళ్ళి, వచ్చే మంగళవారం వస్తాను." తేదీ లేకుండా "త్వరలో వస్తాను" అని రాయకండి. తేదీ రాస్తే ఆ రోజున మీకోసం ఒకరు చూస్తున్నట్టే. నా మొదటి విరామంలో నేను ఏమీ చెప్పలేదు. చెప్పనందుకే తర్వాత మొహం చూపించలేకపోయాను. అయ్యప్ప దీక్ష వేసుకునేవాళ్ళయితే మాల వేసుకోవడానికి ముందే చెప్పండి. ఒంటిపూట భోజనంతో బరువైన కసరత్తు వద్దు, కానీ కాటా నెమ్మదిగా చేసుకోవచ్చు. మా దగ్గర ఒకాయన నల్లబట్టల్లో వచ్చి అరుగు పక్కన ఒక్కడే కాటా చేసుకుని వెళ్ళేవాడు. 41 రోజులయ్యాక ఆయనకి తిరిగి రావడం అనే ఇబ్బందే లేదు, మానిందెప్పుడు గనక?

తప్పిన రోజుల్లో కూడా ఇంటి దగ్గర ఒక్క ముక్క, రెండు నిమిషాలు చేయండి. జ్వరంలో ఉంటే అదీ వద్దు, పుస్తకం తిరగేయండి. తాడు పూర్తిగా తెగకుండా ఉంటే చాలు.

తిరిగి వెళ్ళే రోజున పది నిమిషాలు ముందే వెళ్ళండి. అందరూ వరసలో నిలబడ్డాక గేటు తీసుకుని లోపలికి నడవడం కష్టం, అందరూ తలలు తిప్పి చూస్తారు. ముందే వెళ్తే మీరు చీపురు పట్టుకుని గ్రౌండు ఊడుస్తూ ఉంటారు, ఒక్కొక్కరే వస్తూ పలకరిస్తారు. వరసలో మీ బెల్టు స్థానంలోనే నిలబడండి, సిగ్గుపడి చివరికి పోవద్దు. కారణాలు కథలుగా చెప్పొద్దు. "వచ్చేశాను సార్" అంటే సరిపోతుంది. ఐదు నెలల తర్వాత నేను వెళ్ళినప్పుడు మాస్టారి కోసం పెద్ద సంజాయిషీ తయారు చేసుకున్నాను. ఆయన నా మాట మొదలవకముందే, "ఫ్యాను కింద నీళ్ళ క్యాను ఉంది, అందుకో అమ్మా" అన్నారు. అంతే. ఐదు నెలలు నేను భయపడింది ఆ ఒక్క నిమిషానికి.

ఆ మొదటి క్లాసులో పోయిన రోజులు పూడ్చుకోవాలని చూడకండి. సగం బలంతో చేయండి. వారం కన్నా ఎక్కువ తప్పితే మొదటి రెండు క్లాసులు సగమే. జ్వరం, ముఖ్యంగా డెంగ్యూ లాంటిది వచ్చి తగ్గితే డాక్టరు సరేనన్నాకే. తిరిగొచ్చిన ఉత్సాహంలో ఒళ్ళు హూనం చేసుకుని మర్నాడు లేవలేక మళ్ళీ ఆగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. తిరిగొచ్చిన మొదటి క్లాసుకి ఒకటే లక్ష్యం, రెండో క్లాసుకి రావడం.

కొత్తగా మానేసినవాళ్ళెవరైనా మీకు తెలిస్తే, రెండో వారంలో ఒక్క ఫోను చేయండి. ఎందుకు రావట్లేదని అడగకండి. "శుక్రవారం వెళ్తున్నా, నిన్ను ఎక్కించుకోనా?" అని అడగండి. నా రెండో విరామాన్ని ముగించింది అలాంటి ఫోనే. అరుగు మీద నా పక్కన కూర్చునే ఒకావిడ చేసింది.

ఆరో మెట్టు: పక్కన నిలబడేవాళ్ళు

మన ఊళ్ళలో కరాటే క్లాసంటే ఎక్కువమంది పిల్లలే. మీ ముందు వరసలో పదేళ్ళ గ్రీన్ బెల్టు ఉంటుంది. "ఆంటీ, మోకాలు ఇంకా వంచండి" అని చెబుతుంది. వంచండి. డోజోలో, అంటే కరాటే నేర్చుకునే చోట, వరస బెల్టుని బట్టి, వయసుని బట్టి కాదు. మా అబ్బాయి నాకు ఏడాది సీనియరు, క్లాసులో వాడికి వంగి నమస్కారం చేశాను, ఇంటికొచ్చి హోంవర్కు చేయించాను. రెండూ రెండు చోట్లు. ఇది ఒప్పుకోలేక మానేసిన పెద్దమనుషులున్నారు.

మీ వయసువాళ్ళు ఒక్కరైనా తోడుంటే నిలబడటం చాలా తేలిక. లేకపోతే మాస్టారిని అడిగి, కుదిరితే పెద్దల బ్యాచి రోజు ఒకటి పెట్టించండి.

కుమితే గురించి భయం సహజం. మొదటి ఏడాది మీకు ఉండేది ముందే చెప్పి చేసే కుమితే: ఎదుటివాళ్ళు ఎక్కడ కొడతారో చెప్పి కొడతారు, మీరు అడ్డుకుంటారు. దెబ్బ తాకకుండా ఆపడం అందులో నేర్చుకోవాల్సిన విద్య. గట్టిగా తగిలిస్తున్నారనిపిస్తే "కొంచెం నెమ్మది" అని అక్కడికక్కడే చెప్పండి. లోపల పెట్టుకుని ఇంటికి తెస్తే తర్వాతి క్లాసుకి కాళ్ళు రావు.

ఏడో మెట్టు: బెల్టు టెస్టు, దాని తర్వాతి నెల

రంగు బెల్టులు ప్రాచీన కాలం నాటివి కావు. నల్లబెల్టు పద్ధతి జూడో స్థాపకుడు జిగోరో కానో 19వ శతాబ్ది చివర్లో తెచ్చింది. కరాటేలో ఫునకోషి తన శిష్యులకి మొదటి నల్లబెల్టులు ఇచ్చింది 1924లో. మధ్యలోని రకరకాల రంగులకి ప్రచారం వచ్చింది 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి వల్ల. కొత్తవాళ్ళకి ఎదురుగా దగ్గరి మెట్టు ఒకటి కనపడాలి కదా. ఆ పని బెల్టు బాగానే చేస్తుంది, అంతవరకు తీసుకోండి.

టెస్టుకి మాస్టారు రమ్మన్నప్పుడే వెళ్ళండి, తోటివాళ్ళు వెళ్తున్నారని కాదు. టెస్టులో ఫెయిలైతే మూడు రోజుల్లోపు క్లాసుకి వెళ్ళాలి. ఇది ఐదో మెట్టులో చెప్పిన సంగతే, ఇక్కడ మొహమాటం రెండింతలు ఉంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే, పసుపు బెల్టు వచ్చిన మర్నెలలో మానేసేవాళ్ళు టెస్టులో ఫెయిలై మానేసేవాళ్ళకన్నా మా క్లాసులో ఎక్కువ. ఫోటో దిగి, వాట్సాప్‌లో పెట్టి, అందరి మెప్పూ పొందాక గ్రౌండులో మళ్ళీ అదే అడుగు. అందుకే టెస్టుకి ముందే తర్వాతి కాటాలో మొదటి నాలుగు కదలికలు అడిగి నేర్చుకుని ఉంచుకోండి. పసుపు బెల్టు కట్టిన మొదటి రోజే చేతిలో సగం చేసిన పని ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: మానేయాల్సిన క్లాసు, మారాల్సిన ఊరు

అన్ని క్లాసుల్లోనూ నిలబడక్కర్లేదు. బెత్తంతో కొట్టేవాళ్ళు, గాయం మీద చేయించేవాళ్ళు, సరిదిద్దే వంకతో అక్కర్లేని చోట చేయి వేసేవాళ్ళు, నెలకో టెస్టు పెట్టి డబ్బు గుంజేవాళ్ళు ఉంటారు. ఆ చోటు వెంటనే వదిలేయండి. పిల్లలయితే ఆ రోజే మాన్పించండి, చేయి వేసిన సంగతయితే ఫిర్యాదు కూడా చేయండి. వదిలేది ఆ క్లాసుని. మీకు వచ్చిన కాటా మీతోనే వస్తుంది.

బదిలీ అయినా, పిల్లల చదువుకని ఊరు మారినా, అమెరికా వెళ్ళినా అంతే. షోటోకాన్ నేర్పే చోట లెక్కపెట్టే జపాన్ అంకెలు ఇచి, ని, సాన్, షి, గోనే, హేయాన్ షోదాన్ హేయాన్ షోదానే. భాష రాకపోయినా మొదటి రోజే వరసలో కలిసిపోవచ్చు. బయల్దేరేముందు మాస్టారి దగ్గర సెలవు తీసుకోండి, బెల్టు సర్టిఫికెట్లు, నోటు పుస్తకం సామాన్లలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. సామాన్లు సర్దుకున్న రెండో వారంలోపే అక్కడి క్లాసు వెతకండి, మూడో వారం దాటితే ఐదో మెట్టులోని మొహమాటం మొదలవుతుంది. మీ రంగు బెల్టు సంచిలోనే ఉంచి తెల్లబెల్టు కట్టుకుని వెళ్ళండి. మీ కాటా చూశాక అక్కడి గురువు, మీ బెల్టు ఏది, అది కట్టుకోండి అంటారు. అప్పుడు తీసి కట్టుకోండి.